గెన్పచి గారూ, ఎవరికీ నచ్చని పేర్లూ

కురహషి గెన్పచి గారికి అన్నీ సుగుణాలే, ఒక్క జబ్బు తప్ప. మత్సుఎ ఊళ్ళో, కాలవ పక్కనున్న మా వీధిలో ఎవరింట బిడ్డ పుట్టినా సరే, పిలవని పేరంటానికి తయారైనట్టు తయారై, కుంచే సిరా తెల్లకాగితం చంకన పెట్టుకుని వెళ్ళి, ఆ బిడ్డకి ఓ పేరు చెబుతారు. ఆ పేరు వినగానే ఇంట్లో బిడ్డ తప్ప అందరూ ఏడుస్తారు.

నేను చెప్పేది విన్నమాట కాదు, కళ్ళారా కన్నమాట. నాది మిఠాయి కొట్టు. బిడ్డ పుట్టిన ఏడోనాటి సాయంత్రం పేరు పెట్టే ఇంటికి ఎర్ర చిక్కుళ్ళు వేసి వండిన ఎర్రన్నం మా కొట్టు నుంచే వెళ్ళాలి. బుట్ట మోసుకుని వెళ్ళేది నేనే. గిన్నె మూత తీసేలోపు గుమ్మంలో ఆయన చెప్పుల చప్పుడు వినిపిస్తుంది.

గెన్పచి గారు బళ్ళో కుంచెరాత నేర్పి రిటైరయ్యారు. ఆయన అక్షరం ముత్యం. ఏడోనాడు పేరు రాసి గోడకి తగిలించే కాగితం ఆయన చేత్తో రాయించుకోవాలని అందరికీ ఉంటుంది. పైగా పైసా పుచ్చుకోరు. అందుకని ఎవరూ ఆయన్ని గుమ్మంలోంచి పొమ్మనలేరు. అంత అందమైన చేత్తో అంత అనాకారి పేర్లు రాయడానికి ఎంత నిష్ఠ కావాలో మీరే ఆలోచించండి.

ఈ రోజుల్లో మావాళ్ళ పిల్లల పేర్లు ఎలా ఉంటున్నాయంటారా? ఆకాశం, వెలుగు, వానచినుకు, వసంతం. బళ్ళో టీచరు హాజరు పిలుస్తుంటే వాతావరణ సూచన చదువుతున్నట్టే ఉంటుంది. గెన్పచి గారి పేర్లు అలా కాదు. ఎలుగుబంటి, ఎద్దు, బండరాయి, చిట్టచివర. గుడి వెనక సమాధుల మీద పాతకాలం పేర్లు చదువుకుంటూ తిరుగుతారని, అందులోంచి చెడ్డవి ఏరుకొస్తారని వీధిలో చెప్పుకునేవారు. నేను నమ్మలేదు. సమాధుల్లో కూడా అన్ని చెడ్డ పేర్లు ఉండవు.

సరస్సులో గుల్లలు పట్టే సదాహరు ఇంట కొడుకు పుట్టాడు. సదాహరు సముద్రం అని అర్థం వచ్చేలా కైటో అన్నాడు. పెళ్ళాం మియుకి ఆకాశం అని అర్థం వచ్చేలా సోరా అంది.

"నీళ్ళ మీద బతికే ఇంట్లో ఆకాశం ఎందుకే?" అన్నాడు సదాహరు.

"నీళ్ళలో మీరు మునిగారు చాలదూ? వాణ్ణైనా తలెత్తి పైకి చూడనివ్వండి," అంది మియుకి.

అంతే, మాటలు ఆగిపోయాయి. ఏం చెప్పుకోవాలన్నా ఇంట్లో పిల్లికి చెప్పేవారు, ఎదుటివాళ్ళు వినాలని. ఏడోనాడు నేను ఎర్రన్నం దించుతుండగా గెన్పచి గారు దిగారు.

"పేరు తెచ్చాను. కుమజిరో!"

"అంటే ఏమిటండీ?" అంది మియుకి.

"ఎలుగుబంటి గారి రెండో అబ్బాయి."

"వీడు మా మొదటివాడండీ!"

"మొదటి ఎలుగుబంటి ఎవరని ఎవరైనా అడిగితే వాళ్ళ నాన్నని చూపించు."

మియుకి పిల్లిని వదిలేసి మొగుడి వైపు తిరిగింది. "ఏమండీ, వింటున్నారా ఈ ఘోరం?"

"వింటున్నా. నువ్వన్న సోరాయే రాయించు."

"అబ్బే, మీరన్న కైటో అయినా నాకు పర్లేదు."

"కాదు, నీ మాటే నెగ్గాలి."

"అదేం కుదరదు, మీ మాటే."

ఈసారి ఒకరి పేరు కోసం ఒకరు కొట్టుకోవడం మొదలెట్టారు. చివరికి సోరా ఖాయమైంది. గెన్పచి గారు కొంప మునిగినట్టు నిట్టూర్చి, ఎలుగుబంటి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, సోరా అని దివ్యంగా రాసిచ్చారు. తర్వాత నా ఎర్రన్నం రెండు గిన్నెలు లాగించి, "ఈ వీధిలో పేరు విలువ తెలిసినవాడు ఒక్కడూ లేడు," అని వెళ్ళిపోయారు. పిట్టపోరూ పిట్టపోరూ పిల్లి తీర్చిందంటారు. ఇక్కడ పిల్లికి దక్కింది ఎర్రన్నం మాత్రమే.

లెక్కల మాస్టారింట్లో మనవరాలు పుట్టినప్పుడైతే మరీ ఘోరం. మామగారికీ కోడలికీ పేరు దగ్గర పడి, ఒకరు వండింది ఒకరు తినడం లేదు. గెన్పచి గారు వెళ్ళి, "తొమె," అన్నారు. ఆడపిల్లలు ఎక్కువై విసిగిపోయిన పాతకాలపు వాళ్ళు చివరిదానికి పెట్టే పేరు. ఇక చాలు, ఆపు అని అర్థం.

"మొదటి పిల్లకే ఆపడమేమిటయ్యా!" అని మామగారు గర్జించారు.

"ముందుజాగ్రత్త," అన్నారు గెన్పచి గారు.

మామగారు గొడుగు అందుకున్నారు. కోడలు పరుగున వెళ్ళి తలుపు తీసి పట్టుకుంది. "మామగారూ, కుడివైపు, కుడివైపు పారిపోతున్నారు!" ఆ ఇంట్లో వాళ్ళిద్దరి మధ్యా నడిచిన మొదటి మంచి మాట అదే. ఇప్పుడు మామగారికి కోడలు వండితే తప్ప ముద్ద దిగదు.

ఇన్ని అవమానాలు జరిగాక మామూలు మనిషైతే మానుకుంటాడు. ఈయన మానుకోకపోగా, కాదన్న పేర్లని ఒక్కటీ మర్చిపోలేదు. సోరా బడిసంచీ తగిలించుకుని వెళ్తుంటే, అరుగు మీంచి, "ఏరా కుమజిరో!" అని కేకేస్తారు. వాడు, "ఏంటి తాతా!" అని పరుగెత్తుకొస్తాడు. మాస్టారి మనవరాలు తొమె అంటేనే గంతులేస్తుంది. మా వీధి పిల్లలకి ఇంట్లో ఓ పేరు, ఆయన అరుగు దగ్గర ఓ పేరు. ఆయన భార్య తొషియె గారు పక్కన కూర్చుని బత్తాయిలు ఒలిచి అందరికీ పంచుతూ నవ్వుతుంది. మొగుడికి మతి చలించినా అలా నవ్వగలిగే ఆడది నాకు ఆవిడ తప్ప ఇంకొకరు తెలీదు.

ఇన్నేళ్ళూ ఊరివాళ్ళ ఇళ్ళలో ఇదంతా చూసి నేను హాయిగా నవ్వుకున్నాను. తర్వాత మా ఇంట బిడ్డ పుట్టింది.

మా అబ్బాయి యసుహిరో, కోడలు హొనోకా. డాక్టరు చెప్పిన రోజు దాటింది, సకురా పూలు రాలిపోయాయి, చెట్లకి ఆకులు కూడా వచ్చేశాయి. అప్పుడు తీరుబడిగా పుట్టింది మా మనవరాలు. తండ్రి పోలిక. వాడూ పొద్దున్న లేవడానికి అంతే చేస్తాడు.

పేరు విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. ఆలూ చూలూ లేనప్పుడే నిర్ణయించేశాను. మా అమ్మ చిసే, నేను చియో. 'చి' అంటే వెయ్యి. మా ఇంటి ఆడపిల్లకి 'చి' ఉండాలి. కాబట్టి చిజురు, వేయి కొంగలు. మా ఆయన ఇల్లరికం వచ్చినవాడు గనక ఆయన ఓటు లెక్కలోకి రాదు.

కానీ ఒసాకా నుంచి వియ్యపురాలు మసాయో దిగింది. మూడు పెట్టెలూ, ఓ ఫోనూ. పెట్టెల్లో బట్టలున్నాయి, ఫోనులో జ్యోతిష్యం ఉంది. మా అక్షరాలకి ఎన్ని గీతలు ఉన్నాయో చూసి అదృష్టం చెప్పే లెక్క ఒకటుంది లెండి. పేరు కొడితే ఫోను జాతకం చెబుతుందిట.

"రిరా అని పెడదాం వదినగారూ," అంది.

"అంటే అర్థమేమిటి వదినగారూ?"

"అర్థంతో పనేముంది వదినగారూ? గీతల లెక్కకి మహారాణి యోగం పట్టింది."

"కాలవ పక్క మిఠాయి కొట్లో మహారాణి ఏం చేస్తుంది వదినగారూ, బెల్లం కొడుతుందా?"

"మరి మీ వేయి కొంగలకి చోటెక్కడుంది వదినగారూ? ఇది ఇల్లా, చెరువా?" అని ఆవిడ చిజురు అని ఫోనులో కొట్టింది. "చూడండి, మొగుడితో నిత్యకలహం అంటోంది."

"మీ పేరు కొట్టండి చూద్దాం."

కొట్టింది. చూసింది. ఫోను బోర్లా పెట్టేసింది.

ఇలా అయిదు రోజులు వదినగారూ వదినగారూ అనుకుంటూనే ఒకరి పీక ఒకరం నొక్కుకున్నాం. ఆరోనాటి పొద్దున్న హొనోకా బిడ్డకి పాలిచ్చి మా ఇద్దరి ముందుకీ వచ్చింది. నోట్లో నాలుక లేని పిల్ల అనుకున్నాను. ఉంది, చాలా పొడుగ్గా ఉంది.

"అత్తయ్యా, అమ్మా, ఇద్దరూ వినండి. ఈయనకి ఆఫీసులో సప్పొరో బదిలీ ఇస్తామన్నారు. మీ కోసం వద్దన్నారు ఈయన. రేపు సాయంత్రానికి మీ ఇద్దరూ ఒకే పేరు మీద చెయ్యి వెయ్యకపోతే, ఆ బదిలీ ఒప్పుకుని వెళ్ళిపోతాం. పేరు అక్కడే పెట్టుకుంటాం. మీ ఇద్దరికీ ఫోటోలు పంపిస్తాం."

సప్పొరో అంటే ఉత్తరం కొస. ఏడాదిలో సగం మంచు. ఆ పసిగుడ్డు కోసం మేడమీద గది కడిగించాను, ఎండపొడ పడేలా కిటికీ మార్పించాను. అది నా చేతుల్లో నిద్రపోతే రెక్కలు పడిపోతున్నా పక్కన దించలేదు. అలాంటిదాన్ని ఫోటోలో చూసుకోవడం నా వల్ల కాదు. మసాయో మొహం కూడా నెత్తురుచుక్క లేకుండా పోయింది.

మరి తగ్గితే పోయేదిగా అంటారు. నేను తగ్గడానికి సిద్ధమే. ముందు ఆవిడ తగ్గాలి, అంతే. ఆవిడా అచ్చంగా ఇదే మాట అందట.

ఏడోనాటి సాయంత్రం తలతో సహా కాల్చిన ఎర్రచేప, గుల్లల చారు, నా చేతి ఎర్రన్నం అన్నీ అమర్చాను. పేరే లేదు. అందరం తద్దినం భోజనానికి కూర్చున్నట్టు కూర్చున్నాం. అప్పుడు గుమ్మంలో చెప్పుల చప్పుడు. గెన్పచి గారు, వెనకే తొషియె గారు. ఆయన చేతిలో కాగితం ముందే రాసి ఉంది. గోడ దగ్గర నిలబడి రెండు చేతులతో విప్పి చూపించారు.

కమె.

"తాబేలా!" అని మసాయో, నేనూ ఒక్క గొంతుతో అరిచాం. వారం రోజుల్లో మేం కలిసి అన్న మొదటి మాట.

"తాబేలే. ఆలస్యంగా వచ్చింది కదా పాప," అన్నారు గెన్పచి గారు నిమ్మళంగా. "చియో గారూ, మీ కొంగ ఆయుష్షు వెయ్యేళ్ళు. తాబేలుది పదివేలు. మీకు ఏది లాభం?"

"నా మనవరాలికి డిప్ప వేస్తారా! వదినగారూ, కొట్టండి ఫోనులో, ఈయన అప్రాచ్యపు పేరుకి ఏం జాతకం వస్తుందో చూపించండి!" అన్నాను. మీరు గమనించాలి, నేను ఆవిడ ఫోనుని నమ్మడం అదే మొదలు.

మసాయో కొట్టింది. చూసింది. ఫోనుని తట్టింది. మళ్ళీ కొట్టింది.

"ఏమంటోంది?"

"ఫోను పాడైనట్టుంది వదినగారూ. మహాభాగ్యం అంటోంది."

అంతవరకూ చేపవైపు చూస్తూ కూర్చున్న మా యసుహిరో, ఎన్నడూ నోరు విప్పనివాడు, ఆ రోజే విప్పాడు. "అమ్మా, మన కొట్టు పెట్టిన ముత్తమ్మమ్మ పేరు కమె కదూ?"

"నోర్ముయ్ రా!"

నిజమే. మా అమ్మమ్మ పేరు కమె. ఆ పేరుతో పడ్డ పాట్లు చాలకనే ఆవిడ కూతుళ్ళకి 'చి' మొదలెట్టింది. ఈ సంగతి నేను బయటివాళ్ళకి ఎవరికీ చెప్పలేదు. గోడ మీద ఫోటోలోంచి ఆవిడ ఇప్పుడు నన్నే చూస్తోంది.

హొనోకా ఒళ్ళో పాప అప్పుడే ఒళ్ళు విరుచుకుని, గుడ్డల్లోంచి మెడ బయటికి సాచి, అందరినీ ఓసారి చూసి, మళ్ళీ మెడ లోపలికి లాక్కుంది. హొనోకా పకపకా నవ్వింది.

"నాకు నచ్చింది," అంది. "కమె. ఇదే పెడదాం."

"నాకూ నచ్చింది," అన్నాడు మా వెధవ.

గెన్పచి గారి చేతిలో కాగితం జారి చేప మీద పడింది.

"నచ్చడమేమిటి?" అన్నారాయన. గొంతు కీచుగా వచ్చింది. "నచ్చడమేమిటమ్మా? సరిగ్గా చూశావా? తాబేలు! బళ్ళో పిల్లలు ఏడిపిస్తారు. పరుగుపందెంలో ఏమని పిలుస్తారు? పెళ్ళిచూపుల్లో ఏం చెప్పుకుంటారు?"

"మీరే కదండీ తెచ్చారు?"

"ఎవరికీ నచ్చదనే తెచ్చాను! ఈ పేరు కోసం వానలో సమాధులన్నీ తిరిగాను! ఇన్నేళ్ళలో నా పేరు ఒక్కటి ఎవరికైనా నచ్చిందా? చెప్పు తొషియే, నచ్చిందా?" ఆయన మా ఇద్దరి వైపూ తిరిగి చేతులు జోడించారు. "అమ్మా, బామ్మలు ఇద్దరున్నారు, అలా బొమ్మల్లా కూర్చుంటారేమిటి? తిట్టండి! గొడుగు ఏదీ?"

తొషియె గారు కళ్ళ నీళ్ళు తుడుచుకునేంతగా నవ్వింది.

"దొరికిపోయారు పాపం," అంది. "మా వాడు పుట్టినప్పుడు మా నాన్న ఓ పేరన్నాడు, మా మామగారు ఓ పేరన్నారు. ఎవరూ దిగలేదు. ఏడోనాడు వడ్డించిన ఎర్రన్నం వడ్డించినట్టే ఉండిపోయింది. ఆ రెండిళ్ళవాళ్ళూ మళ్ళీ ఒక బల్ల దగ్గర కూర్చోలేదు. మావాడికి ఇప్పటికీ రెండు పేర్లు. ఏ ఇంటికి వెళ్తే ఆ పేరుకి పలుకుతాడు. ఓసారి మర్చిపోయి ఇక్కడి పేరుకి అక్కడ పలికి, తిట్లు తిన్నాడు. అప్పట్నుంచి ఈయనకి ఈ పిచ్చి. 'వాళ్ళలో వాళ్ళు కొట్టుకునేదేదో నన్ను కొట్టనీ తొషియే. నేను సాయంత్రానికి మనింటికి వచ్చేస్తాను. వాళ్ళు ఒకే ఇంట్లో ఉండాలి కదా' అంటారు."

గెన్పచి గారు చేప మీంచి కాగితం తీసి, చేప నూనె మరక తుడుస్తూ తల దించుకున్నారు. ఆయన చెవులు ఎర్రన్నం కన్నా ఎర్రగా ఉన్నాయి. నాకు సోరా గుర్తొచ్చాడు, మాస్టారి గొడుగు గుర్తొచ్చింది, పొట్ట పగిలేలా నవ్విన నవ్వులన్నీ గుర్తొచ్చాయి. ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందంటే, ఇంకో గిన్నె ఎర్రన్నం తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన వద్దన్నారు. గెన్పచి గారు ఎర్రన్నం వద్దనడం నా ఎరుకలో అదొక్కసారే.

"ముందు పాపని తాబేలు నుంచి తప్పించండి. అప్పుడు తింటాను," అన్నారు.

మసాయో నా మోచేయి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"వదినగారూ, మీ కోడలు అన్నంత పనీ చేసే పిల్లేనా?"

"మీరు కన్నదే కదా వదినగారూ, మీకే తెలియాలి."

"చేస్తుంది."

"అయితే త్వరగా. మీకు ఏం కావాలి?"

"గీతలు కలవాలి. మీకు?"

"'చి' ఉండాలి. కొంగలు లేకపోయినా పర్లేదు."

ఆవిడ ఫోను తీసింది, నేను పేర్లు చెప్పాను. ఆవిడ వేలు పరుగెడుతోంది, నా నోరు పరుగెడుతోంది. చిగుసా దగ్గర ఆగాం. వేయి పచ్చికలు.

"ఏమంటోంది?"

"మధ్యమం అంటోంది."

"మధ్యమమా?" నేను పొయ్యికి చేరబడ్డాను. "మీరు ఒప్పుకోరేమో."

ఆవిడ ఫోను నడుం పట్టీలో దోపుకుంది. "తాబేలు కన్నా నయం. పదండి."

టీ నీళ్ళు మరిగేలోపు అయిపోయింది. వారం రోజుల పని. మేమిద్దరం చేతులు పట్టుకుని వచ్చి పేరు చెప్పాం. గెన్పచి గారు ఊపిరి వదిలి, కొత్త కాగితం పరిచి, చిగుసా అని రాశారు. గాలి వీస్తే గడ్డి ఒకవైపు ఒరుగుతుందే, అలా వచ్చాయి అక్షరాలు. రాశాక కుంచె కడిగి, మొహం మునుపట్లా ముడిచి, "ఈ వీధిలో పేరు విలువ తెలిసినవాడు ఒక్కడూ లేడు," అన్నారు. తర్వాత మూడు గిన్నెల ఎర్రన్నం తిన్నారు. సప్పొరో ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

హొనోకాకీ, ఆ సదాహరు పెళ్ళాం మియుకికీ ప్రాణస్నేహమని నాకు చాలా రోజుల తర్వాత గుర్తొచ్చింది. గెన్పచి గారి కిటుకు మియుకి ముందే చెప్పిందా అని అడిగితే, "లేదత్తయ్యా, నాకు నిజంగానే నచ్చింది," అంటుంది. ఆ పిల్ల మొహం చూసి ఏదీ తేల్చలేం. చేప నూనె మరకున్న ఆ తాబేలు కాగితాన్ని మాత్రం పాప ఉయ్యాల పక్కన గోడకి అంటించుకుంది.

ఇప్పుడు ఎదురింటివాళ్ళకి బిడ్డ పుట్టబోతోంది. వియ్యాలవారు ఇద్దరూ అప్పుడే గొంతులు పెంచారు. నిన్న గెన్పచి గారు వానలో గొడుగు వేసుకుని గుడి వెనక్కి వెళ్తుంటే చూశాను. ఈసారి నేను ఆయనకి సాయంగా ఉంటానని మాటిచ్చాను. ఆయన పేరు చెప్పగానే, ఎవరికైనా నచ్చే ప్రమాదం ఉంది కదా, ముందు నేనే "ఛీ" అనాలి.

మా చిగుసాకి మూడేళ్ళు నిండాయి. మెట్ల మీంచి చిగుసా అని ఎంత పిలిచినా పలకదు. అరుగు మీంచి గెన్పచి గారు "ఏమే కమే!" అంటే చాలు, తాబేలు పరుగెత్తదని ఎవరన్నారో గానీ, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెడుతుంది. "ఆ పేరు నీకు కాదన్నారు కదే," అని కసురుతాను నేను. ఎవరూ లేనప్పుడు, కొట్టు మూసి పాపని ఒళ్ళో వేసుకున్నాక, చిన్నగా నేను కూడా కమె అనే పిలుస్తాను. పలుకుతుంది.